మైకు పాడైన ఫోను

సెమరాంగ్ రేవు గేటు బయట కారు పెట్టుకుని బతికే డ్రైవర్లలో పర్జియోకి ఒక పేరుంది. ఓడ తప్పించని మనిషి అంటారు. రేవు నుంచి లోపలున్న జోగ్జా నగరానికి మూడు గంటలు, తిరిగి రావడానికి మూడు గంటలు. దారిలో లారీలు, కొండ మలుపులు, రోడ్డు సగం ఆక్రమించిన పెళ్ళి పందిళ్ళు. అయినా ఇరవై మూడేళ్ళలో ఆయన తీసుకెళ్ళిన మనిషి తిరిగొచ్చేసరికి ఓడ కదిలిపోవడమన్నది ఒక్కసారి కూడా జరగలేదు. దాని వెనకున్న కిటుకు చాలా చిన్నది. కారులో గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి పెట్టేవాడు. ఎక్కినవాళ్ళు దాన్ని చూసి కంగారుపడి పరిగెత్తుకొచ్చేవారు, ఈయన మాత్రం తాపీగా నడిపేవాడు.

"ఈ తెలివి ఇంటి విషయంలో ఏమైంది?" అని దెప్పేది భార్య తుమినా. వాళ్ళ ఇల్లు రేవు పక్కన పల్లపు వాడలో ఉంది. సముద్రం పోటెత్తినప్పుడల్లా ఉప్పునీళ్ళు వంటింట్లోకి వచ్చేస్తాయి. పర్జియో మూడుసార్లు మట్టి పోయించి నేల ఎత్తు పెంచాడు గానీ కప్పు జోలికి పోలేదు. దాంతో ఆ ఇంట్లో ఎవరైనా వంగి తిరగాల్సిందే. తుమినా పొట్టి మనిషి, ఆమె ఒక్కతే నిటారుగా తిరిగేది. "నా ముందు నువ్వు తల వంచాలనే దేవుడు నీళ్ళు పంపిస్తున్నాడయ్యా" అని వాడంతా వినేలా నవ్వేది.

ఆ తుమినా పోయి యాభై రెండు రోజులైంది. ఒక పొద్దున చేపలు కడుగుతూ కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. సాయంత్రానికల్లా మట్టి చేసేశారు.

ఈ సంగతి వాడలో కోళ్ళకి కూడా తెలుసు. కూతురు రెత్నోకి మాత్రం తెలియదు. రెత్నో తైవాన్‌లో మంచాన పడ్డ ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో ఉంది. ఒప్పందం తీరడానికి ఇంకా ఏడు నెలలు. తుమినా చెల్లెలు లెగినా ఆ సాయంత్రమే తేల్చేసింది. "బావా, ఇప్పుడు చెప్పకు. అది అక్కడ ఒంటరిది. పట్టుకుని ఏడవడానికి ఒక్క మనిషి లేడు. వచ్చాక చెబుదాం." వాడ పెద్దలు తలూపారు. పర్జియో కూడా తలూపాడు. ఇందులో ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. మా వైపు ఇది కొత్తేం కాదు. దూరాన కష్టపడే పిల్లల మీద ప్రేమ పొంగితే మావాళ్ళు ముందు చేసే పని దాచడం.

తుమినా ఎప్పుడూ టైపు చేసేది కాదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని గొంతు రికార్డు చేసి పంపేది, వెనకాల కోళ్ళ గోలతో సహా. అందుకని పర్జియో, "అమ్మ ఫోనుకి మైకు పాడైందమ్మా, ఇక నుంచి రాసి పంపుతుంది" అని కూతురికి చెప్పాడు. చెప్పి, రోజూ బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పోయిన భార్య తరఫున జవాబులు రాస్తున్నాడు. తిన్నావా? చలి ఎక్కువా? స్వెట్టరు వేసుకో. కూతురు ముఖం చూపించమంటే అమ్మ పెళ్ళివారింట్లో వంటకి వెళ్ళిందనీ, ఇప్పుడే కన్నంటుకుందనీ తప్పించేవాడు. "ఏంటమ్మా, ఈ మధ్య తిట్లు మానేశావ్? ఒంట్లో బాగుందా?" అని రెత్నో రాసిన రోజున మాత్రం ఫోను బోర్లా పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున రేవులోకి పెద్ద ఓడ వచ్చింది. విహారానికొచ్చిన తెల్లవాళ్ళు బస్సుల్లో వెళ్ళిపోయాక, గేట్లోంచి ఒక అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. భుజాన ఒక సంచీ, మెడలో ఓడ పనివాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు.

"జోగ్జా వెళ్ళి రావాలి. సాయంత్రం అయిదుకల్లా నేను ఓడెక్కాలి. ఎవరొస్తారు?"

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రయాణికుడు ఆలస్యమైతే గోల చేస్తాడు, అంతే. ఓడలో పనిచేసేవాళ్ళు ఆలస్యమైతే పనే పోతుంది. "మా పర్జియో ఉన్నాడుగా" అన్నాడు ఒకడు. "ఇరవై మూడేళ్ళ పేరు ఇవాళ పోగొట్టుకుంటాడు, చూద్దాం."

"నీ నోట్లో ఈగ దూర. ఎక్కమ్మా" అన్నాడు పర్జియో.

ఆమె పేరు నింగ్రుమ్. ఓడలో బట్టలుతికే చోట పని. దుప్పట్లు, తువ్వాళ్ళు, రోజంతా ఆవిరి. ఇంటి నుంచి వెళ్ళి ఎనిమిది నెలలైంది. ఓడ ఈసారి సెమరాంగ్‌లో ఆగుతుందని నాలుగు రోజుల కిందటే తెలిసిందట, బతిమాలి సెలవు అడుక్కుందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"చెప్పాపెట్టకుండా వెళ్తే ఎలా?" అన్నాడు పర్జియో.

"అదే కదా బాబాయ్ మజా! మా నాన్న ముఖం చూడాలి నేను. వెండి పని చేస్తాడు. సుత్తి పట్టుకుంటే ఇల్లు కూలినా తలెత్తడు. వెనకాల నిలబడి, 'అయ్యా, ఉంగరం చేస్తారా' అంటాను. 'రేపు రండి' అంటాడు, తలెత్తకుండానే. అప్పుడు చెవి మెలిపెడతాను."

పర్జియో నవ్వాడు. యాభై రెండు రోజుల్లో అలా నవ్వడం అదే మొదటిసారి. కొండలెక్కి అంబరావా దాటాక రోడ్డు పక్కన కొబ్బరిపాలల్లో వేసిన రొట్టెలు కొనుక్కుని కారులోనే తిన్నారు. ఆమె గడియారం చూసి "అయ్యో, అప్పుడే ఇంతయిందా!" అని గాభరా పడుతుంటే ఆయన కిటుకు బయట పెట్టకుండా మూతి బిగించుకున్నాడు.

మగెలాంగ్ దాటాక ఆమె సంచీలోంచి చిన్న పెట్టె తీసింది. అందులో కళ్ళజోడు. "సింగపూర్‌లో చేయించాను. నాన్నకి దగ్గరి చూపు ఆనడం లేదు. నంబరెంత అని రాస్తే మూడు అని జవాబిచ్చాడు. ఫ్రేము ఎలా ఉంది బాబాయ్?"

"బావుందమ్మా. ఫోన్లో మాట్లాడుకుంటారా రోజూ?"

"ఓడలో ఫోను సరిగ్గా పలకదు. ఇదివరకు గొంతు రికార్డు చేసి పంపేవాడు. సుత్తి చప్పుడు కూడా వినపడేది, పాట కూడా పాడేవాడు, శ్రుతీ లేదు ఏమీ లేదు. మూడు నెలల్నుంచి రాసి పంపుతున్నాడు. ఫోనుకి మైకు పాడైందట."

కారు రోడ్డు మధ్యగీత దాటి మళ్ళీ వెనక్కొచ్చింది. ఎదురుగా వస్తున్న లారీ హారన్ మోగించుకుంటూ పక్క నుంచి పోయింది.

"జాగ్రత్త బాబాయ్!"

"ఆ... గుంట అడ్డొచ్చింది."

గుంటా లేదు ఏమీ లేదు. అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా అదే అబద్ధం! ఎక్కడో జోగ్జాలో ముక్కూ ముఖం తెలియని ఇంకో మనిషి తనలాగే కూర్చుని అదే కథ అల్లాడన్నమాట. కాదేమో, నిజంగానే మైకు పాడైందేమో. లోకంలో ఫోన్లు పాడవ్వవా? అలా తనకి తాను సర్ది చెప్పుకున్నాడు గానీ నమ్మకం కుదరలేదు.

"అమ్మాయ్, ఒకసారి ఇంటికి ఫోను చెయ్యరాదూ? ఎవరూ లేకపోతే అంత దూరం వెళ్ళి..."

"నాన్న ఇల్లు కదలడు. మీరు నడపండి."

"ఇంట్లో ఇంకెవరికైనా..."

"అమ్మ నోట్లో, అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. వద్దు."

కారు ఆపి, 'తల్లీ, నాకు ఈ అబద్ధం తెలుసు' అని చెప్పొచ్చు. నోరు రాలేదు. చావు కబురు చెప్పడం పరాయివాడి పని కాదని ఒక సాకు వెతుక్కున్నాడు. నిప్పుకొండ నుంచి దిగే క్రాసాక్ ఏటి వంతెన వచ్చింది. అక్కడ ఎప్పటిలాగే మూడుసార్లు హారన్ కొట్టాడు.

"ఎవరికి బాబాయ్?"

"కంటికి కనపడనివాళ్ళకి. దారి ఇమ్మని అడగాలి."

"మా నాన్న కూడా అంతే!" అని ఆమె పకపకా నవ్వింది.

జోగ్జా వెండిపనివాళ్ళ పేట కోటగెడెలో నింగ్రుమ్ వాళ్ళ వీధి మొదటిదాకానే కారు వెళ్తుంది. తర్వాత మనిషి మనిషిని ఒరుసుకునే సందు. నింగ్రుమ్ ముందు, సంచీ పట్టుకుని పర్జియో వెనక. సందు మలుపు తిరిగేసరికి వాసన వచ్చింది. పులిసిన బియ్యప్పిండితో ఆపెం అట్లు కాలుస్తున్న వాసన. బెల్లంలో, కొబ్బరిపాలల్లో ఉడుకుతున్న అరటిపండు. పక్కన ఆవిరి మీద జిగురు బియ్యం. పర్జియో కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పన్నెండు రోజుల కిందట తుమినా నలభయ్యో రోజున ఆయన ఇంట్లో వండినవి ఇవే. ఈ మూడూ ఒక్క పొయ్యి దగ్గర చేరాయంటే అది పోయినవాళ్ళ కోసమే.

"ఎవరింట్లోనో కార్యం ఉన్నట్టుంది" అంది నింగ్రుమ్. అంటూనే తన ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు కూర్చుని అరటాకులు కోస్తున్నారు. ముందు చూసినావిడ చేతిలో కత్తి జారి నేల మీద పడింది. తర్వాత ఒక్కొక్కరే తలెత్తారు. పొయ్యి మీద పెనంలో ఆపెం మాడుతున్నా తీసే చెయ్యి లేదు. ఇరవై కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"ఏంటి అందరూ దెయ్యాన్ని చూసినట్టు? నేనే. నాన్నేడి?"

వంటింట్లోంచి తల్లి వచ్చింది. చేతుల నిండా పిండి. కూతుర్ని చూసింది. ఆమె పెదాలు కదిలాయి. వంద రోజులుగా అలవాటైన మాట తనంతట తానే బయటికొచ్చింది.

"నాన్న... పనికెళ్ళాడమ్మా."

ఆమె వెనకాల గదిలో చాపలు పరిచి ఉన్నాయి. మూల ఆయన కూర్చునే పీట గోడకి ఆనించి ఉంది. సుత్తులన్నీ గుడ్డలో మూటకట్టి మేకుకి వేలాడదీశారు. ఆ మూట పక్కనే ఆయన నల్లటోపీ. పర్జియోకి అన్నీ ఒక్క చూపులో కనిపించాయి. అన్నిటికన్నా ఆ తల్లి నోట వచ్చిన ఆ మాటే ఆయన్ని నిలువునా కోసేసింది. ఇంత జరుగుతున్నా ఆవిడ ఇంకా దాస్తోంది! దాచడానికి ఏమీ మిగల్లేదని ఆవిడకి తెలియడం లేదు.

"పనికెళ్తే సుత్తులు ఇక్కడున్నాయేం?" అంది నింగ్రుమ్ చిన్నగా.

పెరట్లోంచి అన్న బగ్యో వచ్చాడు. చెల్లెల్ని చూసి గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "ఇవాళ్టికి నూరు రోజులు, చెల్లీ."

ఆమె అరుస్తుందనీ, పడిపోతుందనీ పర్జియో ఎదురుచూశాడు. ఆడవాళ్ళిద్దరు పట్టుకోవడానికి లేచారు కూడా. ఆమె పడలేదు. జేబులోంచి ఫోను తీసింది. వేలితో పైకి జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగింది.

"'సింగపూర్ ఎండలో తిరగకు తల్లీ.' ఇదెవరు రాశారు?"

"నేనే" అన్నాడు బగ్యో.

"'నీ పాట విన్నాను, బావుంది.' ఇది?"

"నేనే."

"నాన్న నా పాట బావుందని ఏనాడన్నాడ్రా? నాకప్పుడే తెలియాల్సింది." ఆమె గొంతు ఇంకా మామూలుగానే ఉంది, అదే భయంగా ఉంది. "'కళ్ళజోడు నంబరు మూడు.' ఇది?"

"నా కళ్ళు చూపించుకుని వచ్చి రాశాను." బగ్యో ఏడుస్తున్నాడు. "నువ్వక్కడ నీళ్ళ మధ్య ఒంటరిగా ఉన్నావు. చెబితే ఏమైపోతావో అని..."

"ఆయన పోయిన రోజు నేనేం చేశానో చూడు." ఫోను అతని ముఖం ముందు పెట్టింది. "ఎవరిదో పుట్టినరోజని ఓడలో డాన్సు చేశాను. వీడియో తీసి నాన్నకి పంపాను. మీరిక్కడ మట్టి చేస్తున్నారు, నేనక్కడ గంతులేస్తున్నాను. మీరందరూ కలిసి ఏడ్చారు. వీధి వీధంతా ఏడ్చింది. నా ఏడుపేదీ? నాది ఎవరు దాచుకున్నారు?"

పర్జియో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ మాటలన్నీ తన ముఖాన కొట్టినట్టే ఉంది. పరాయి ఇంట్లో, పరాయి పిల్ల ముందు, తన కూతురు నిలబడి తనని అడుగుతున్నట్టే ఉంది.

సమాధి దగ్గరికి వెళ్ళొచ్చారు. తిరిగొచ్చాక కూడా ఆమె కంట నీటి చుక్క లేదు. పెట్టె తెరిచి కళ్ళజోడు అన్న ముఖానికి తనే పెట్టింది. "నీ నంబరే కదా. పెట్టుకో." బగ్యో దాన్ని తియ్యలేదు.

ఒంటిగంట కావస్తోంది. పర్జియో నోరు తెరిచి బయలుదేరమని అనలేకపోయాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి తన కిటుకు బయట పెట్టేశాడు. "కారు గడియారం ఇరవై నిమిషాలు ముందుందమ్మా. ఇంకా కాసేపు ఉండొచ్చు."

"ఇవాళ్టికి ఉండిపోవే" అని తల్లి చెయ్యి పట్టుకుంది. "రాత్రి ప్రార్థన ఉంది."

"మీకు నేను లేకుండా అలవాటేగా అమ్మా" అంది నింగ్రుమ్. అన్నాక తల్లి పిండి చేతిని చాలాసేపు తన చెంపకి ఆనించుకుంది. తర్వాత కారు దగ్గరికి నడిచింది.

ఈసారి వెనక సీట్లో కూర్చుంది. క్రాసాక్ వంతెన దగ్గర పర్జియో చెయ్యి హారన్ మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"నా భార్య పోయి యాభై రెండు రోజులైందమ్మా" అన్నాడు, అద్దంలోకి చూడకుండా. "నా కూతురు తైవాన్‌లో ఉంది. దానికి తెలియదు. నేను కూడా మైకు పాడైందనే చెప్పాను."

ఆమె చెయ్యి ముందుకొచ్చి ఆయన సీటు వీపు పట్టుకుంది.

"బండి ఆపండి."

వంతెన దాటగానే ఆపాడు. ఆమె దిగి, తలుపు ధడాలున వేసి, రోడ్డు పక్కన నిలబడింది.

"పొద్దున మీకు తెలుసు. మైకు మాట వినగానే తెలిసింది కదూ మీకు?"

"తెలిసింది తల్లీ."

"తెలిసీ నాకు రొట్టెలు తినిపించారు!" మొదటిసారి ఆమె గొంతు చిట్లింది. "ఇప్పుడే ఫోన్ చెయ్యండి ఆమెకి. చేసేదాకా నేను కారెక్కను."

"ఓడ తప్పిపోతుందమ్మా. నీ పని పోతుంది. సెమరాంగ్ వెళ్ళాక చేస్తాను, ఒట్టు."

"మీ ఒట్లు నాకొద్దు. చెయ్యండి."

లారీలు రయ్యిమని పోతున్నాయి. కారులో గడియారం రెండున్నర చూపిస్తోంది, అసలు టైము రెండూ పది. కూతురి పేరు మీద నొక్కడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. రెత్నో వెంటనే ఎత్తింది.

"నాన్నా! పట్టపగలు ఫోనేంటి? తాతగారు పడుకున్నారు, మెల్లగా మాట్లాడు. అమ్మ ఉందా? ఒకసారివ్వు, మైకు బాగైందా?"

"అమ్మ..." అన్నాడు పర్జియో. "అమ్మ నిద్ర..."

ఆ అలవాటు మాట తన నోట్లోంచి వస్తుంటే తనకే వినపడింది. పొద్దున పిండి చేతులతో నిలబడ్డ ఆ తల్లి కళ్ళ ముందు మెదిలింది. ఎదురుగా నింగ్రుమ్ చూస్తోంది.

"అమ్మ లేదు రెత్నో. పోయింది. యాభై రెండు రోజులైంది. రాసిందంతా నేను."

"ఏ రోజు నాన్నా?" అని అడిగింది రెత్నో, అచ్చం లెక్క చూసుకుంటున్నదానిలా. "మంగళవారమా? మంగళవారం నేను అమ్మకి కొత్త చెప్పులు..." మాట పూర్తి కాలేదు. ఆ తర్వాత వచ్చిన అరుపు మనిషి గొంతులోంచి వచ్చినట్టు లేదు. పర్జియో ఫోను చెవి దగ్గర పెట్టుకోలేక, తియ్యలేక, రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు. అక్కడ అది ఒంటరిది, పట్టుకుని ఏడవడానికి ఒక్క మనిషి లేడు. లెగినా చెప్పింది నిజమే. ఇప్పుడేం చెయ్యాలి?

నింగ్రుమ్ వచ్చి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అక్కా, నా పేరు నింగ్రుమ్. నువ్వెవరో నాకు తెలియదు. మా నాన్న పోయి నూరు రోజులైందని నాకు ఇవాళే చెప్పారు. ఫోను పెట్టెయ్యకు. ఏడు. నేను వింటున్నాను." అంటూ కారెక్కి వెనక సీట్లో కాళ్ళు ముడుచుకు కూర్చుంది. అప్పుడు, అంతసేపటికి, తను కూడా ఏడవడం మొదలుపెట్టింది.

పర్జియో నడిపాడు. వెనకాల ఒకరినొకరు ఎన్నడూ చూసుకోని ఇద్దరు ఆడపిల్లలు దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నారు. మధ్యలో మాట్లాడుకున్నారు. ఒకరి అమ్మ ఎలా తిట్టేదో, ఇంకొకరి నాన్న ఎంత శ్రుతి లేకుండా పాడేవాడో చెప్పుకున్నారు. ఒకసారి నవ్వినట్టు కూడా ఆయనకి వినపడింది. కొండ మలుపుల్లో లైను తెగితే నింగ్రుమ్ మళ్ళీ కలిపింది. ఫోను చార్జి తగ్గితే తీగ ముందు నుంచి లాక్కుంది. ఆయన్ని మాత్రం ఇద్దరూ ఏమీ అడగలేదు.

రేవు గేటు దగ్గరికి చేరేసరికి కారు గడియారం అయిదూ పది దాటింది. అసలు టైము ప్రకారం అయిదింటికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. నింగ్రుమ్ దిగి ఫోను ఆయన చేతిలో పెట్టింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"లైన్లోనే ఉంది. పెట్టెయ్యకండి బాబాయ్" అని చెప్పి, గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని గేటు లోపలికి పరిగెత్తింది.

పర్జియో ఫోను చెవికి ఆనించుకున్నాడు. బొంగురుపోయిన గొంతు వినపడింది.

"నాన్నా. ఆ రోజు పొద్దున్నుంచి చెప్పు. ఏదీ వదిలిపెట్టకు."

"ఆ రోజు పోటు ఎక్కువగా వచ్చింది తల్లీ" అన్నాడు పర్జియో. "వంటింట్లోకి చీలమండల దాకా నీళ్ళు. మీ అమ్మ నన్ను తిడుతూ చేపలు కడుగుతోంది..."